చైనా కషాయం కన్నా చైనా ప్రశ్నలే మేలు

సింగపూర్‌లో ఉంటున్న తెలుగువాళ్లు సెలవులకు ఊరెళ్తున్నారంటే బంధువుల దగ్గర నుంచి ఒక చిట్టా వస్తుంది. ఇదివరకు అందులో టైగర్ బామ్, చాక్లెట్లు, సెంట్లు ఉండేవి. ఈ మధ్య ఇంకొకటి చేరింది: నెలసరి నొప్పికి చైనా మూలికల మందు. అక్క కూతురు అడిగింది, దాని స్నేహితురాలు అడిగింది, ఆఖరికి ఆ స్నేహితురాలి వదినగారు కూడా అడిగారు. ఎవరో అమ్మాయి నల్లటి కషాయం గడగడా తాగేసి "మూడు నెలల్లో నొప్పి మాయం" అని చెప్పే వీడియో అందరి ఫోన్లకూ చేరింది మరి. "పిన్నీ, అక్కడ వీధికొక కొట్టు ఉంటుందటగా, ఒక్క డబ్బా తెచ్చిపెట్టవూ" అని వాళ్లు. తేనని నేను.

పిసినారితనం వల్ల కాదు. చైనా వైద్యం మీద చిన్నచూపు వల్ల అంతకన్నా కాదు. ఆ వైద్యంలో నాకు నిజంగా పనికొచ్చిన భాగం డబ్బాలో పట్టదు. అది వాళ్లు వేసే ప్రశ్నల్లో ఉంది. ఫోనులో చెబితే ఒకరికీ తలకెక్కడం లేదు కాబట్టి తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

పదిహేనో ఏట నుంచీ నాకు నెలలో మొదటి రెండు రోజులు నరకమే. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఒక పేరున్న ఆసుపత్రికి వెళితే డాక్టరుగారు తల ఎత్తకుండానే "పెళ్లయి ఒక కాన్పయితే అదే సర్దుకుంటుంది" అని చీటీ రాసిచ్చారు. ఆ మాట నాకొక్కదానికే చెప్పి ఉంటారని అనుకోను. ఇది చదువుతున్న ఆడవాళ్లలో చాలామందికి ఆ వాక్యం కంఠతా వచ్చే ఉంటుంది. చాలా ఏళ్ల తర్వాత సింగపూర్‌లో, ఆఫీసులో నా పక్కన కూర్చునే చైనీస్ ఆవిడ చనువుగా లాక్కెళ్తే ఒక చైనా వైద్యురాలి ముందు కూర్చున్నాను. అరవై దాటిన మనిషి. రెండు మణికట్ల దగ్గరా మూడేసి వేళ్లతో నాడి పట్టి చూశారు. నాలుక చాపమన్నారు. ఆ తర్వాత మొదలయ్యాయి ప్రశ్నలు.

నొప్పి ఎర్రబట్ట కనిపించక ముందే మొదలవుతుందా, కనిపించాకా, అంతా అయిపోయాకా? పొడిచినట్టు ఉంటుందా, మెలిపెట్టినట్టా, బరువుగా కిందికి జారుతున్నట్టా? పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి అదిమితే హాయిగా ఉంటుందా, అసలు తాకనివ్వదా? వేడినీళ్ల సంచి పెడితే తగ్గుతుందా? రక్తం ఏ రంగు? గడ్డలు పడతాయా, పడ్డాక నొప్పి తేలికవుతుందా? నడుముకు పాకుతుందా, తొడల్లోకి దిగుతుందా? ఆ రోజుల్లో విరేచనం ఎలా అవుతుంది? పోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ నొప్పి పెరిగిందా? నా పక్కనున్న ఆవిడ ఒక్కొక్కటీ ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ ఉంటే, కొన్నింటికి నాకు జవాబు తెలియదని అప్పుడే తెలిసింది. అన్నేళ్లు పడ్డ నొప్పిని నేను ఒక్కసారి కూడా అంత దగ్గరగా గమనించలేదు. ఎవరూ అడగలేదు కదా.

ఈ ప్రశ్నలు ఆవిడ సొంత తెలివి కావు, పాఠం. ప్రవాహం సాఫీగా ఉంటే నొప్పి ఉండదు, అడ్డు పడితే నొప్పి పుడుతుంది అన్నది చైనా వైద్యంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సూత్రం. అడ్డు ఎందుకు పడిందన్నది ప్రశ్నల వల్ల తేల్చుకుంటారు. రక్తస్రావానికి ముందు వచ్చి, అదిమితే ఎక్కువయ్యే నొప్పి అయితే ప్రాణశక్తీ రక్తమూ స్తంభించాయంటారు. అయిపోయాక సన్నగా లాగుతూ, అదిమితే హాయినిచ్చే నొప్పి అయితే రక్తం చాలడం లేదంటారు. వేడికి తగ్గితే చలువ గడ్డకట్టిందంటారు. ఒక్కో తీర్మానానికి ఒక్కో కషాయం. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకే నొప్పితో వెళ్లి రెండు వేర్వేరు పొట్లాలతో ఇంటికి రావడం అక్కడ వింత కాదు.

ఆడవాళ్ల జబ్బులను విడిగా చూడాలన్న పట్టింపు వాళ్లకు పాతది. 7వ శతాబ్దంలో సున్ స్సుమియావ్ అనే వైద్యుడు తన పెద్ద గ్రంథంలో పీఠిక తర్వాత స్త్రీల చికిత్సలనే ముందు పెట్టాడు. ఆడవాళ్ల జబ్బు మగవాళ్ల జబ్బు కన్నా పదింతలు కష్టమని కూడా రాశాడు. గౌరవమో, విసుగో చదివినవాళ్లే తేల్చుకోవాలి. 1237 నాటికి ఛెన్ జీమింగ్ అనే వైద్యుడి చేతిలో అది ఒక పూర్తి శాస్త్రమైంది. ఇవాళ నెలసరి నొప్పికి ఎక్కువగా ఇచ్చే డాంగ్‌గ్వే షావ్‌యావ్ చూర్ణం ఇంకా పాతది, సుమారు 1800 ఏళ్ల కిందటి వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ రచనల్లో ఉంది.

అయితే పాతదనం నిజానికి రుజువు కాదు. ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. నాలుగు దినుసుల కషాయం, అంటే సీ వూ థాంగ్, ఇవాళ చైనా ఇళ్లలో ఆడపిల్లల మందు. కానీ 9వ శతాబ్దంలో అది మొదట కనిపించేది దెబ్బలకూ ఎముకల గాయాలకూ చికిత్స చెప్పే పుస్తకంలో. సోంగ్ రాజుల కాలంలో ప్రభుత్వ ఔషధశాల దాన్ని నెలసరి బాధలకు మళ్లించింది. రెండో సంగతి వాంగ్ చింగ్‌రెన్‌ది. పాత గ్రంథాల్లోని శరీర వర్ణనలు తప్పని అనుమానం వచ్చి, 1797లో అంటువ్యాధితో పోయిన పిల్లల శవాలను స్వయంగా వెళ్లి చూసిన మొండి వైద్యుడు. పాపం, అంత చూసీ గుండెలో రక్తం ఉండదనీ, ధమనుల్లో గాలి పారుతుందనీ నిర్ణయించాడు. 1830లో వేసిన పుస్తకంలో ఆ అవగాహనతోనే పొత్తికడుపులో ఇంకిన రక్తాన్ని కదిలించే కషాయం ఒకటి చెప్పాడు. నెలసరి నొప్పికి ఇవాళ్టికీ వాడుతున్నారు. అందులో శొంఠి, సోంపు, దాల్చినచెక్క ఉంటాయి. ఎగిరే ఉడుత పెంటికలు కూడా ఉంటాయి, వీడియోలో అమ్మాయి ఆ మాట చెప్పలేదు. ధమనుల్లో గాలి ఉందనుకున్న మనిషి చెప్పిన మందు పనిచేయకూడదని లేదు. పనిచేస్తే మాత్రం అతను చెప్పిన కారణం వల్ల పనిచేయదు. సిద్ధాంతం వేరు, మందు వేరు. ఈ రెండింటినీ విడదీసి చూడడానికి భక్తులూ ఒప్పుకోరు, విమర్శకులూ ఒప్పుకోరు.

మందు సంగతికొద్దాం. వైద్యురాలు రాసిచ్చిన చీటీ తీసుకుని కొట్లో కుర్రాడు గోడంతా పరచుకున్న చెక్క సొరుగులు లాగుతూ ఒక్కో దినుసూ తూచి, పరిచిన కాగితం మీద కుప్పలు పోశాడు. డాంగ్‌గ్వే వేరు అడ్డకోత ముక్కలు వెన్న రంగులో, అంచున గోధుమ గీతతో పల్చగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాము, సోంపు కలిసిన ఘాటు. ఆశ్చర్యం లేదు, అది ధనియాలు, వాము, జీలకర్రల కుటుంబపు మొక్కే. గాన్సూ రాష్ట్రంలోని మిన్ జిల్లా చలికొండల్లో పండిస్తారు, వేళ్లను పొగ మీద మెల్లగా ఆరబెడతారు. బాయ్‌షావ్ అనే పియోనీ వేరు ముక్కలు తెల్లగా, నాణేల్లా గుండ్రంగా ఉన్నాయి. యాన్‌హూసూ దుంపలు పసుపుపచ్చని గులకరాళ్లు. వీటిని వెనిగర్‌లో ఉడికించి వాడతారు. నొప్పి తగ్గించే ఆల్కలాయిడ్లు దానివల్ల నీటిలోకి బాగా దిగుతాయని ఇప్పటి రసాయన శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. ఆఖరున గోధుమరంగు పీచు గడ్డలు కొన్ని పోశాడు. పేరు ష్యాంగ్‌ఫూ అన్నాడు.

ఒక గడ్డ చేతిలోకి తీసుకుని చూస్తే నవ్వొచ్చింది. తుంగగడ్డ! మా ఊళ్లో పొలం గట్ల మీద కలుపు తీసేవాళ్లు తిట్టుకుంటూ పీకి పారేసే తుంగ. ఆయుర్వేదంలో తుంగముస్తలనేది ఇదే మొక్క. 1596లో అచ్చయిన మూలికల మహాగ్రంథంలో లీ షీజెన్ దీన్ని ఆడవాళ్ల వైద్యానికి సేనాధిపతి అని పొగిడాడు. తాండూరు, జహీరాబాదు వైపు నల్లరేగళ్లలో నూనెగింజల కోసం వేసే కుసుమ పూల రేకులు కూడా చైనాలో నెలసరి మందే. హైదరాబాద్‌లో కూర్చుని చైనా మూలిక పంపమని అడుగుతున్నవాళ్లకు ఈ మాట చెబితే ముఖాలు చిన్నబోయాయి. దూరపు కొండలు నునుపు.

కషాయం కాచడం ఒక తంతు. దినుసులు మట్టి కుండలో అరగంట నానాలి. మూడు గిన్నెల నీళ్లు ఒక గిన్నె అయ్యేదాకా సన్న మంట మీద మరగాలి. ఇల్లంతా వాసన పట్టింది. రంగు కాఫీ డికాక్షన్‌లా ఉంది, రుచి మాత్రం నాలుక మీద మర్నాటిదాకా ఉంది. కొన్ని నెలలు తాగాను. తగ్గిందా అని అడిగేవాళ్లకు నా జవాబు: కొన్ని నెలలు తగ్గింది, కొన్ని నెలలు తగ్గలేదు. అంతకుముందు ఏ మందూ లేని రోజుల్లో కూడా అలాగే ఉండేది. ఒక మనిషి అనుభవం నుంచి తేలేది ఇంతే.

ఎందుకు తేలదో ఇంకాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. చైనా ఇళ్లలో నెలసరికి శత్రువు చలువ. గర్భాశయం చల్లబడిందని తల్లులు కూతుళ్లను కోప్పడతారు. ఐస్‌క్రీం వద్దు, చన్నీళ్లు వద్దు, పాదాలు తడవకూడదు, బెల్లంలాంటి ఎర్ర చక్కెరా అల్లమూ వేసి కాచిన నీళ్లు తాగు. కడుపు నొప్పి అన్న అమ్మాయికి "వేడినీళ్లు ఎక్కువ తాగు" అని సలహా ఇచ్చి చేతులు దులుపుకునే మగపిల్లవాడి మీద అక్కడ బోలెడు జోకులున్నాయి. మా ఇంట్లో శత్రువు వేడి. అమ్మమ్మ లెక్కలో నొప్పయినా, ఎక్కువ పోతున్నా "వేడి చేసింది". మెంతులు చల్లటి మజ్జిగలో వేసి మింగించేది. నువ్వులు, బొప్పాయి వేడి కాబట్టి ఆ రోజుల్లో దగ్గరికి రానిచ్చేది కాదు. అంటే ఒకే నొప్పికి ఒక నాగరికత చలువను తిట్టి వేడినిస్తుంది, ఇంకొకటి వేడిని తిట్టి చలువనిస్తుంది. చమత్కారం ఏమిటంటే రెండు ఇళ్లలోనూ మూడో రోజుకు ఆడపిల్ల లేచి తిరుగుతుంది.

ఆ మూడో రోజే అందరినీ వైద్యులను చేసేసింది. గర్భాశయపు లోపొర ఊడిపోయేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు విడుదలవుతాయి. అవి కండరాన్ని గట్టిగా బిగించి, దానికి రక్తం అందకుండా చేస్తాయి. నొప్పి అక్కడ పుడుతుంది. వీటి ఉధృతి మొదటి 48 గంటల్లో ఎక్కువ, తర్వాత దానంతట అదే దిగిపోతుంది. వేరే జబ్బేమీ లేని మామూలు నెలసరి నొప్పికి రెండో రోజు ఏది మింగినా మూడో రోజు గుణం కనిపిస్తుంది. దిష్టి తీసినా కనిపిస్తుంది. పైగా ఎవరూ నొప్పి తక్కువగా ఉన్న నెలలో కొత్త మందు వెతుక్కోరు. భరించలేని నెల చూసి మొదలుపెడతారు, తర్వాతి నెల మామూలు స్థాయికి వస్తే ఆ ఘనత మందు ఖాతాలో పడుతుంది.

దీని అర్థం పెద్దవాళ్లు చెప్పినదంతా వట్టిదని కాదు. పరీక్షకు నిలబడ్డవి ఉన్నాయి. 2001లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. పొత్తికడుపు మీద 38.9 డిగ్రీల వేడినిచ్చే పట్టీ రోజుకు పన్నెండు గంటలు పెట్టుకున్నవాళ్లకు, మూడు పూటలా 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ అనే నొప్పిమాత్ర వేసుకున్నవాళ్లతో సమానంగా ఉపశమనం కలిగింది. చైనా అమ్మమ్మల వేడినీళ్ల సంచి గెలిచింది, వాళ్ల చలువ సిద్ధాంతం గెలవకపోయినా. అల్లం కూడా బాగానే నిలబడింది. 2009లో ఇరాన్‌లో 150 మంది విద్యార్థినుల మీద చేసిన పోలికలో అల్లం పొడి క్యాప్సూళ్లు మెఫెనామిక్ ఆమ్లం అనే నొప్పిమాత్రకూ ఐబుప్రొఫెన్‌కూ తీసిపోలేదు. ఈ రెండింటికీ విమానం టిక్కెట్టు అక్కర్లేదు.

చలువ సిద్ధాంతం మీద నాకున్న కోపం వేరే. అది తప్పును ఆడపిల్ల మీదికి నెట్టేస్తుంది. నొప్పి వచ్చిందంటే నువ్వు ఐస్‌క్రీం తిన్నావు, పొట్టి గౌను వేసుకున్నావు, వానలో తడిశావు. 2016 రియో ఒలింపిక్స్‌లో చైనా ఈతగత్తె ఫూ యువాన్‌హుయ్, రిలేలో తమ జట్టు నాలుగో స్థానంలో ఆగిపోయాక, ముందురోజు రాత్రే తనకు నెలసరి మొదలైందనీ, అందుకే నీరసంగా ఉందనీ టీవీ మైకు ముందు మామూలుగా చెప్పేసింది. దేశమంతా ఉలిక్కిపడింది. ఆ రోజుల్లో చన్నీళ్లలోకి ఎలా దిగిందని జనం నోళ్లు వెళ్లబెట్టారు. దిగింది, ఈదింది. చన్నీళ్లు ఆమెను ఏమీ చేయలేదు.

ఇక కషాయాల పరీక్ష. వైద్య ప్రయోగాలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2008లో చైనా మూలికల మీద ఒక సమీక్ష వేసింది. 39 ప్రయోగాలు, 3475 మంది స్త్రీలు. కొన్నింటిలో మూలికలు నొప్పిమాత్రల కన్నా మెరుగ్గా పనిచేసినట్టు తేలింది. ఆశాజనకంగానే ఉంది, కానీ ప్రయోగాలు చేసిన తీరు నాసి అని సమీక్షకులు తేల్చారు. అమ్మేవాళ్లు మొదటి సగం చెబుతారు, తిట్టేవాళ్లు రెండో సగం చెబుతారు. నాసి ఎందుకంటారా? ఏది అసలు మందో, ఏది ఉత్తదో తాగే మనిషికి తెలియకూడదు. ఇల్లంతా గుప్పుమనే కషాయానికి నకిలీ ఎలా తయారు చేస్తారు?

పకడ్బందీగా చేసినవి రెండు చెబుతాను. 2007లో తైవాన్‌లో 78 మందికి, కొందరికి నాలుగు దినుసుల మందు, మిగిలినవాళ్లకు ఉత్త మందు ఇచ్చి చూశారు. మందు వాడిన నెలల్లో రెండు జట్లకూ నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ మాట చెబితే చైనా వైద్యాన్ని నమ్మేవాళ్లకు ఒక జవాబు ఉంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. "మనిషి తత్వం చూడకుండా అందరికీ ఒకే కషాయం పోస్తే పనిచేయమంటే ఎలా?" అంటారు. నిజమే. 1997లో జపాన్‌లో అలా చూసే చేశారు. సంప్రదాయ లక్షణాలకు సరిపోయిన 40 మందిని ఎంచి, సగం మందికి డాంగ్‌గ్వే షావ్‌యావ్ చూర్ణం ఇచ్చారు. మందు పుచ్చుకున్నవాళ్లకు నొప్పి బాగా తగ్గింది. 40 మందే కాబట్టి దీని మీద మేడలు కట్టలేం, విసిరి పారేయనూ లేం.

ఇప్పుడు మన డబ్బా సంగతి చూడండి. తైవాన్ ఫలితాన్ని నమ్మితే డబ్బా దండగ. నమ్మక, మనిషిని బట్టే మందు అని వాదిస్తే, నాడి చూడకుండా, ఒక్క ప్రశ్న అడగకుండా, బంధువు సూట్‌కేసులో వచ్చే డబ్బా ఆ వైద్యం లెక్కలోనే తప్పు. ఎటు తిప్పినా డబ్బాయే ఓడిపోతుంది. జపాన్‌లో 1976 నుంచి ఈ మందులను ప్రభుత్వ బీమా కిందికి తెచ్చారు. 23, 25 అని అంకెలు వేసిన చిన్న పొట్లాల్లో వస్తాయి. అక్కడ వాటిని ఇచ్చేది మామూలు ఎంబీబీఎస్ లాంటి చదువు చదివిన డాక్టర్లే, చూసి, అడిగి. సింగపూర్‌లో కూడా 2000లో చట్టం చేసి చైనా వైద్యులకు రిజిస్ట్రేషన్ పెట్టారు. ఆ కాపలా అంతా విమానం ఎక్కగానే అయిపోతుంది.

కాపలా ఎందుకో బెల్జియంకు తెలుసు. 1990ల మొదట్లో అక్కడ ఒక బరువు తగ్గించే చికిత్సాలయంలో చైనా మూలికలు కలిపి ఇచ్చారు. ఒక వేరుకు బదులు పేరు కలిసే ఇంకో వేరు, అరిస్టలోకియా జాతిది, సరుకులోకి వచ్చింది. వందమందికి పైగా ఆడవాళ్ల మూత్రపిండాలు చెడిపోయాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది. మన ఈశ్వరి వేరు, గాడిదగడపాకు ఆ జాతివే. ఆకు పచ్చగా ఉంటే చాలు, హాని చేయదనుకునేవాళ్లు గమనించాలి. చైనాలోనే సాన్‌చీ అనే మంచి మూలిక అనుకుని తూసాన్‌చీ వాడి కాలేయం పాడుచేసుకున్న కేసులు చాలా ఉన్నాయి. ఇక మూలికల మాత్రలని చెప్పి లోపల స్టెరాయిడ్లు, నొప్పిమాత్రల పొడి కలిపి అమ్మే సరుకు గురించి సింగపూర్ అధికారులు పదేపదే హెచ్చరిస్తూనే ఉంటారు. "ఒక్క మాత్రకే చిటికెలో తగ్గింది" అంటే సంతోషించే ముందు ఎందుకు తగ్గిందో ఆలోచించాలి. డాంగ్‌గ్వే కూడా అమాయకురాలు కాదు. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు తీసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

"అయితే ఇంగ్లీషు మందు గొప్పదంటావు, అంతేగా?" అని అక్క కూతురు దెప్పింది. అక్కడికీ వస్తున్నాను. నొప్పిమాత్రల మీద 2015 నాటి కాక్రేన్ సమీక్షలో 80 ప్రయోగాలు, 5820 మంది ఉన్నారు. ఉత్త మాత్ర వేసుకున్న నూరుమందిలో 18 మందికి మంచి ఉపశమనం దొరికితే, అసలు మాత్ర వేసుకున్నవాళ్లలో 45 నుంచి 53 మందికి దొరికింది. మూలికలకు ఇంత బలమైన రుజువు లేదు. కానీ ఆ అంకెనే ఇంకోవైపు నుంచి చదవండి. మాత్ర వేసుకున్నా దాదాపు సగం మందికి చాలినంత తగ్గలేదు. నల్ల కషాయం వీడియోలు చూసేది ఆ సగం మందే. వాళ్లను మూఢులని వెక్కిరించే డాక్టర్ల మీద నాకు సానుభూతి లేదు.

ఆ సగంలో కొందరికి మాత్ర పనిచేయనిది వేళ తప్పడం వల్ల. ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపే మాత్ర అది. అవి తయారై, కడుపు మెలితిరిగి, మంచం ఎక్కాక వేసుకుంటే ఆలస్యమైనట్టే. ఎర్రబట్ట కనిపించగానే, లేదా నొప్పి సూచన తెలియగానే భోజనం చేసి వేసుకుని, మొదటి రెండు మూడు రోజులు వేళకు కొనసాగించాలి. "ఓర్చుకోలేనంత అయితేనే వేసుకో" అని మన ఇళ్లలో చెప్పే సలహా సరిగ్గా దీనికి వ్యతిరేకం. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. మనవాళ్లు మిఠాయిలా మింగే మెఫెనామిక్ ఆమ్లం వల్ల అరుదుగా ఒంటిమీద దద్దుర్లతో మొదలై లోపలి అవయవాల దాకా వెళ్లే ప్రమాదం ఉందని 2023 చివర్లో భారత ఔషధ ప్రమాణాల సంస్థ కూడా హెచ్చరించింది.

మిగిలినవాళ్ల సంగతి వేరు. వాళ్ల నొప్పి మామూలు నెలసరి నొప్పి కాకపోవచ్చు. గర్భాశయపు లోపొరలాంటి కణజాలం బయట, అండాశయాల మీదా పేగుల మీదా పెరగడం ఎండోమెట్రియోసిస్. పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో సుమారు పది శాతం మందికి, ప్రపంచమంతా 19 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి పేరు తెలిసేసరికే ఏళ్లు గడిచిపోతాయి. "కాన్పయితే తగ్గుతుంది" అన్న డాక్టరు కొన్నేళ్లు తింటారు, "చలువ చేసింది" అన్న కషాయం కొన్నేళ్లు తింటుంది. ఈ విషయంలో ఇద్దరూ ఒక్కటే.

ఇక్కడే ఆ వైద్యురాలి ప్రశ్నలు నాకు విలువైనవిగా కనిపిస్తాయి. ఆవిడ జవాబులను చలువ, స్తంభన అనే పెట్టెల్లో వేసుకున్నారు. అవే జవాబులు వేరే కంటితో చదివితే వేరే సంగతి చెబుతాయి. నొప్పి రక్తస్రావానికి రోజుల ముందే మొదలవుతుందా, ఆగిపోయాక కూడా ఉంటుందా? ఏడాదికేడాది పెరుగుతోందా? చిన్నప్పుడు లేని నొప్పి పాతికేళ్లకు కొత్తగా వచ్చిందా? ఆ రోజుల్లో విరేచనానికి వెళ్తే పోటు వస్తుందా? కలయికలో నొప్పా? పెద్ద గడ్డలు పడుతున్నాయా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా స్కాను దాకా వెళ్లాలి, అవసరమైతే స్కాను బాగున్నా అక్కడ ఆగకూడదు. చైనా వైద్యురాలికి ఇచ్చిన జవాబులనే ఒక కాగితం మీద రాసుకుని నేను ఇక్కడి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. నొప్పి పెరుగుతోందన్న వాక్యం దగ్గర ఆవిడ కలం ఆపి, నా వైపు చూశారు. పరీక్షలు రాశారు. గర్భాశయపు గోడలోకే లోపొర చొచ్చుకుపోయే అడినోమయోసిస్ అని తేలింది. కుండల కొద్దీ కషాయం తాగి ఉన్నా ఆ పేరు బయటపడేది కాదు. ఆ ప్రశ్నలు లేకపోయినా బయటపడేది కాదని నా నమ్మకం.

అందుకని నన్ను మందు అడిగినవాళ్లందరికీ ఆ ప్రశ్నల పట్టీ తెలుగులో రాసి పంపాను. మూడు నెలలు జవాబులు రాసుకుని ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను. కాగితం చూడకుండా పెళ్లి మాట ఎత్తే డాక్టరయితే లేచి ఇంకొకరి దగ్గరికి వెళ్లమన్నాను.

అన్నీ చూపించుకున్నాక, వేరే జబ్బేమీ లేదని తేలాక, ఇంకా కషాయం తాగాలని ఉంటే నాకు అభ్యంతరం లేదు. గర్భవతి కాకూడదు, గర్భం కోసం ప్రయత్నిస్తూ ఉండకూడదు, రక్తం పలచబరిచే మందులు వాడుతూ ఉండకూడదు. రిజిస్టరయిన వైద్యుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసి ఇవ్వాలి, దినుసుల పేర్లు కాగితం మీద రాసివ్వాలి, ఆ కాగితం గైనకాలజిస్టుకు కూడా చూపించాలి. మూడు నెలసరుల్లో మార్పు లేకపోతే మానేయాలి. వేడినీళ్ల సంచి మాత్రం మానక్కర్లేదు.